ఓపెన్‌లో ఐదో మనిషి

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు: ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న ఒక పిస్టల్, నెలకు నాలుగు ఆదివారాలు, ఆ ఆదివారాల విషయంలో మా ఆవిడ వసంతలక్ష్మి దగ్గర ఇంకా మిగిలి ఉన్న కాస్త ఓర్పు. ఈ మూడింటిలో మూడోదే అసలు పెట్టుబడి. అది అయిపోతే ఆదివారాలు పోతాయి. ఆదివారాలు పోతే పిస్టల్‌తో పనే లేదు.

మాది అరోరాలో ఇండియన్ కిరాణా కొట్టు. గుడికి వెళ్లినవాళ్లంతా ఆదివారం తిరుగుదారిలో కరివేపాకు కోసం మా దగ్గర ఆగుతారు. ఆగినవాళ్లు కరివేపాకుతో సరిపెట్టరు. సరిగ్గా ఆ రోజే నేను షూటింగ్ క్లబ్‌కు పోయి అట్టముక్కల మీద గురిచూసి కాల్చి వస్తాను. కౌంటర్‌లో వసంతలక్ష్మి ఒక్కతే ఉంటుంది. సెప్టెంబరులో ఒకనాడు ఆమె బియ్యం బస్తా మీద కూర్చుని తీర్పు చెప్పేసింది.

"దసరా మర్నాడేగా మీ ఆఖరి పోటీ? అక్కణ్నుంచి ఏదో ఒకటి చేత్తో పట్టుకురండి. తెచ్చారా, ఆదివారాలు మీవి. వట్టి చేతులతో వచ్చారా, ఆ పిస్టల్ అమ్మేసి ఇక్కడ నిలబడండి."

నాకు భయమేమీ వేయలేదు. లెక్క నా వైపే ఉంది. మా క్లబ్‌లో పిస్టళ్లకు రెండు డివిజన్లు, స్టాక్, ఓపెన్. రెండూ షాపు మాటలే కాబట్టి నాకు మొదటిరోజే అర్థమయ్యాయి. స్టాక్ అంటే పిస్టల్ కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. రంగు వేసుకోవచ్చు. పిడికి ఏదీ చుట్టకూడదు, తగిలించకూడదు. బరువు హద్దు దాటకూడదు. తనిఖీ చేసే డార్లీన్ దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది, పిస్టల్‌ను అందులో పెడితే మూత పడాలి. వీటిలో ఏది తప్పినా ఇంటికి పంపరు. ఓపెన్‌లోకి తోసేస్తారు. ఓపెన్‌లో అడ్డూ ఆపూ లేదు. పిస్టల్ పైన ఎర్రచుక్క చూపించే అద్దం, కింద తూటాల మ్యాగజైన్ తేలిగ్గా జారడానికి గరాటు, పక్కన బొటనవేలికి ఆసరా, ఎవరి చేతనైనంత వాళ్లు బిగించుకోవచ్చు. మామూలు పిస్టల్‌తో అక్కడికి పోవడమంటే కార్ల రేసులో మా డెలివరీ వ్యాన్‌తో దిగడమే.

స్టాక్‌లో మొదటి మూడు స్థానాలకు ప్లాక్, అంటే గోడకు తగిలించుకునే చెక్కపలక, ఇస్తారు. ఆ ఏడాది నేను వరసగా నాలుగోవాణ్ని. మూడోవాడు ఆగస్టులో ఉద్యోగం మారి అరిజోనా వెళ్లిపోయాడు. ఇంతకంటే మంచి బేరం ఏ వ్యాపారికి దొరుకుతుంది?

శనివారం దసరా. వసంతలక్ష్మి షాపులో కాటాకు, కౌంటర్‌కు, గ్రైండర్‌కు బొట్లు పెట్టింది. వ్యాన్ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "అది కూడా తెండి," అంది.

"అదెందుకు?"

"ఆయుధపూజ అండీ! ఇన్నేళ్లూ ఆయుధం లేక కాటాకి చేశాను. ఇప్పుడు ఇంట్లో అసలుది ఉంటే వదిలేస్తానా?"

పిస్టల్ ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసి, ఇత్తడి పళ్లెంలో పెట్టాను. ఆమె పిడికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పసుపు తాడు మూడు చుట్లు చుట్టి, దానికి ఒక పసుపు కొమ్ము ముడివేసింది.

"మూడు రోజులు తియ్యకండి," అంది.

పసుపు, కుంకుమ రంగు కిందికి వస్తాయని నేను అప్పటికప్పుడే లెక్క వేసుకున్నాను. తాడును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పుట్టినప్పటినుంచి పూజ అయిన ప్రతి వస్తువుకూ తాడు చూస్తూ వచ్చినవాడికి అది విడిగా కనబడదు.

మర్నాడు షాపు ఆలస్యంగా తెరుద్దామని వసంతలక్ష్మి కూడా నాతో క్లబ్‌కు వచ్చింది. చేతిలో దసరా పులిహోర డబ్బా. తనిఖీ బల్ల దగ్గర డార్లీన్ కళ్లద్దాలు సవరించుకుని నా పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పింది.

"రావ్, ఈ ఎర్ర చుక్కలేంటి?"

"పెయింట్."

"పెయింట్ ఓకే. ఈ పసుపుపచ్చ?"

"అదీ పెయింటే."

ఆమె వేలితో రాసి వాసన చూసింది. "కర్రీ వాసన వస్తోంది."

"వాసన మీద రూల్ ఉందా?"

"లేదు," అని ఒప్పుకుంది. తూచింది, బరువు హద్దులోనే ఉంది. పెట్టెలో పెట్టింది. మూత పడలేదు. కొమ్ము అడ్డం.

"పిడికి తాడు, తాడుకి అల్లం," అంది డార్లీన్.

"జింజర్ నో! టర్మరిక్!" అంది వెనకనుంచి వసంతలక్ష్మి. సరుకు పేరు తప్పు చెబితే, అందులోనూ పసుపును అల్లమంటే, ఆమె ఓర్చుకోలేదు.

డార్లీన్ బల్ల మీద కత్తెర పెట్టింది. "కోస్తే స్టాక్, ఉంచితే ఓపెన్. ఐదు నిమిషాల్లో చెప్పు."

నేను పక్కకు వచ్చి మా ఆవిడకు సంగతి చెప్పాను.

"ఓపెన్ అంటే మంచిదేగా?" అంది ఆమె. "మన తలుపు మీద కూడా అదే ఉంటుంది."

"అది వేరు లక్ష్మీ. ఇక్కడ ఓపెన్ అంటే నాకు దుకాణం కట్టేసినట్టే. తాడు కోస్తే ప్లాక్ వచ్చే అవకాశం ఉంది."

"అయితే కోసుకోండి. నేనేమీ అనను."

ఆమె ఏమీ అనను అన్న రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఒక్కోదానికి వడ్డీ ఇంకా కడుతున్నాను. ఆమె పులిహోర డబ్బా డార్లీన్ బల్ల మీద పెట్టి, షాపు తెరవడానికి వ్యాన్‌లో వెళ్లిపోయింది. నేను కత్తెర వంక చూస్తూ నిలబడ్డాను. కోస్తే ప్లాక్ వస్తుందేమో గాని ఇంట్లో మాట పోతుంది. కోయకపోతే మాట నిలుస్తుంది గాని వట్టి చేతులు. ఎటు చూసినా ఆదివారాలు గోవిందా.

అప్పుడు వచ్చాడు భాస్కర్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్. పౌరసత్వం వచ్చిన మరుసటి నెలలోనే పిస్టల్ కొని, దానికి దొరికిందల్లా బిగించాడు. ఇప్పుడు అందులో పిస్టల్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

"కోయొద్దన్నా!" అన్నాడు గాబరాగా. "పూజ చేసిన తాడు. సెంటిమెంట్ ఉండదా? ఓపెన్‌లోకి వచ్చెయ్. చాలా బావుంటుంది."

కొనడానికి వచ్చినవాడు సరుకును అంతలా పొగిడితే అతనికి అది అత్యవసరమని అర్థం. నేను గోడ మీది పేర్ల బోర్డు చూశాను. ఓపెన్ కింద నాలుగే పేర్లు. ఐదుగురు లేని డివిజన్‌కు మా క్లబ్‌లో ప్లాకులు ఇవ్వరు.

"నలుగురే ఉన్నట్టున్నారే," అన్నాను.

భాస్కర్ తల గోక్కున్నాడు. "మా ఆవిడ రేణుకి చెప్పేశానన్నా. ఈసారి ఫస్ట్ నాదే అని. హాల్లో గోడకి మేకు కూడా కొట్టేసింది."

"అయితే నీకు ఐదో మనిషి కావాలి. దొరుకుతాడు. రేటు మాట్లాడుకుందాం."

"రేటా?"

"నెలకి మూడు ఆదివారాలు మా కౌంటర్‌లో నిలబడాలి. వచ్చే దసరా దాకా."

"మూడా! అన్నా, నేను డైరెక్టర్ని. నా కింద టీమ్ ఉంటుంది."

"మా దగ్గర నీ కింద బెండకాయల పెట్టె ఉంటుంది."

"ఒకటి చేస్తా. ఒక్కటే."

నేను కత్తెర చేతిలోకి తీసుకున్నాను.

"రెండు! రెండు చేస్తా! అది కింద పెట్టన్నా!"

నాకు కావలసింది రెండే. కత్తెర డార్లీన్‌కు ఇచ్చి, నా పేరు ఓపెన్‌లో రాయమన్నాను.

పోటీ మొదటి రౌండ్‌లో భాస్కర్ అందరికంటే ముందున్నాడు. రెండో రౌండ్‌లో అతని అద్దంలో బ్యాటరీ అయిపోయింది.

"చుక్క పోయిందన్నా!" అని కేకపెట్టాడు.

"మామూలు సైట్‌తో కొట్టు!"

"తీసేశాగా! బరువని తీసేశా!"

ఇక గాలికే కాల్చాడు. నాకేమో ఎండకు చెయ్యి చెమటలు పడుతున్నా పిడి జారలేదు. మూడు చుట్ల పసుపు తాడు అరచేతిని పట్టి ఉంచింది. పిడికి ఏదీ చుట్టకూడదని స్టాక్‌లో రూలు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. అయినా ఎర్రచుక్కల వాళ్లను అందుకోవడం నావల్ల కాలేదు. మొదటి మూడు ప్లాకులూ వాళ్లే పట్టుకుపోయారు. నేను నాలుగు. భాస్కర్ ఐదు.

అంటే ఓపెన్‌లో ఐదో మనిషి నేను కాదు.

"అన్నా," అన్నాడు కారు దగ్గర, "ప్లాక్ రాలేదు కాబట్టి మన బేరం…"

"నేను అమ్మింది ప్లాక్ కాదు, మనిషిని. డెలివరీ అయిపోయింది. మా కౌంటర్ మీద బోర్డు చూశావుగా? అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు."

అతని కారులోనే షాపుకు వచ్చాం. లోపల జనం కిటకిటలాడుతున్నారు. వసంతలక్ష్మి వంకాయలు తూస్తూ, తల ఎత్తకుండా, "ఏం తెచ్చారు?" అంది.

భాస్కర్ మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి కౌంటర్ ముందు నిలబెట్టాను. "ఇదిగో. చెప్పినట్టే చేత్తో పట్టుకొచ్చాను. నెలకి రెండు ఆదివారాలు పనిచేస్తాడు."

ఆమె అతన్ని సంచిలో ఉల్లిపాయలు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. తర్వాత నా పిస్టల్ పెట్టె తెరిపించి తాడు ఉందో లేదో చూసుకుంది. ఉంది.

"పసుపు కొమ్ముకీ అల్లానికీ తేడా తెలుసా?" అని అతన్ని అడిగింది.

"నేర్చుకుంటా వదినా," అన్నాడు డైరెక్టర్.

ఏప్రన్ తీసి అతని చేతిలో పెట్టింది.

ఇక మిగిలిన లెక్క. పిస్టల్ నా దగ్గరే ఉంది. నాలుగు ఆదివారాల్లో రెండు నావి, రెండు కౌంటర్‌వి. నేను లేని రెండు రోజులూ భాస్కర్ ఉంటాడు, బెండకాయలు మా ఆవిడకంటే మెల్లగా, నాకంటే నిక్కచ్చిగా తూస్తాడు. రేణు ఆ మేకుకు క్యాలెండర్ తగిలించింది. అది మేము ఏటా ఇచ్చే షాపు క్యాలెండరే. డార్లీన్ పులిహోర తిని, అందులోని పసుపు ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు నెలనెలా వస్తుంది. చలికాలంలో క్లబ్ కొత్త రూల్స్ గోడకు అంటించింది. స్టాక్ డివిజన్ కింద కొత్తగా ఒక వాక్యం చేరింది: పిడికి తాళ్లు, దారాలు, పసుపు కొమ్ములు కట్టరాదు. మా సరుకు పేరు ఈసారి తప్పు లేకుండా రాశారు. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ప్రకటన బోర్డు, లాభంలో వేసుకున్నాను.