చెరపని ఉలవచారు

నేను ఒక చెక్కపలకను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. చూడగానే కూరగాయలు తరుక్కునే పీట అనుకుంటారు. అనుకోండి, నాకేం నామోషీ లేదు. కానీ మీరు కూర్చున్న ఈ భూమి చుట్టూ రెండువేల ఎనిమిదొందల సార్లు తిరిగొచ్చినదాన్ని నేను. ఆ మాట ఒక్కటి చెవిన వేసుకుని, తరవాత కథ వినండి.

విశాఖపట్నం రేవులో పడవలు బాగుచేసే ఎర్రన్న అనే వడ్రంగి, మిగిలిపోయిన టేకుముక్కను చిత్రికపట్టి నన్ను చేశాడు. ముందువైపు కాగితం పట్టుకునే బిళ్ల, రెండు పక్కలా తోలుపట్టీ. విమానం నడిపేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు కదా, దారీ ఎత్తూ రాసుకోవడానికి ఇలాంటి పలకను మోకాలి పైన తొడకు కట్టుకుంటారు. నన్ను కట్టుకున్నవాడు బెవర జగన్నాయకులు, నౌకాదళంలో కొత్త పైలట్. సముద్రం మధ్యలో కదిలే ఓడ మీద విమానం దించడం ఆయన పని. ఊగుతున్న ఉయ్యాల్లోని పాపకు బొట్టు పెట్టాలని చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆయన భార్య హేమసుందరి. ఈ మనిషి గాల్లోకి లేస్తుంటే ఆవిడ ‘జాగ్రత్త’ అనదు, ‘వెళ్లొద్దు’ అనదు. నన్ను తిరగేసి, వెనకవైపు పెన్సిలుతో ఆయన రాగానే పెట్టబోయే వంట రాస్తుంది, అంతే. ‘పప్పుచారు’ అనో, ‘పనసపొట్టు కూర’ అనో. ఆయన తిరిగొచ్చి, అది తిన్నాక, తన చేత్తో రబ్బరు పెట్టి చెరపాలి.

“తినకుండా చెరిపీసేరంటే ఊరుకోను. అది చెరిగితేనే మీరు దిగినట్టు” అనేది.

ఆయన నవ్వేవాడు. కానీ ఒక తుఫాను సాయంత్రం, రెండుసార్లు గురి తప్పి మూడోసారి ఓడ మీదికి వంగుతూ, “పనసపొట్టు, పనసపొట్టు” అని గొణుక్కున్నాడు. నేను విన్నాను. ఆ రాత ఆయన తొడకే ఆని ఉంది మరి.

తరవాత ఆయన్ని అంతరిక్షానికి ఎంపిక చేశారు. చెక్కముక్క ఎందుకయ్యా అని అధికారులు సణిగారు. సొంత వస్తువు ఒకటి తెచ్చుకోవచ్చన్నారు కదా, ఇదే అన్నాడాయన. ఆరు నెలల ప్రయాణం. హేమసుందరి చాలాసేపు ఆలోచించి, గట్టిగా ఒత్తి రాసింది, ‘రాగానే ఉలవచారు’ అని.

అబ్బ, ఆ ఆరు నెలలూ! బరువు లేదు, కింద లేదు, మీద లేదు. పట్టీ విప్పితే అలా గాలిలో నిలబడిపోయేదాన్ని. రోజుకు పదహారుసార్లు తెల్లవారేది. కిటికీ కింద సముద్రాలు నీలంగా జారిపోతుంటే, ఆయనా నేనూ నిద్రా మెలకువా తెలియకుండా తేలేవాళ్లం. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో ఉలవచారు ఇద్దరికీ గుర్తురాలేదు.

అంతరిక్షనౌక దిగింది. వైద్యులు వదిలారు. ఇంటికి రావలసినవాణ్ణి ఊళ్లు పిలిచాయి. దండలు, శాలువాలు, ఊరేగింపులు. రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ ఇరవై రెండు రోజులు గడిపాడు. చివరికి గుమ్మంలో నిలబడితే ఆవిడ అంది:

“ఆకలేస్తందా? అన్నం పెడతాను. ఉలవచారు లేదు. రెండుసార్లు కాసీసి పారబోసేను. మీరింకా దిగలేదు.”

ఆ మాట మీదే ఉండిపోయింది మహాతల్లి. పంతొమ్మిదేళ్లు! ఆయనా తక్కువవాడు కాదు. కాఫీగ్లాసు తాగుతూ తాగుతూ గాలిలో వదిలేసేవాడు, అక్కడే తేలుతుందని. కళ్లజోడూ అంతే, పింఛను కాగితాలూ అంతే. భోజనాల దగ్గర కూర్చుంటే పదహారు తెల్లవారుజాముల కబుర్లే. పక్కన మనిషి ఉందని గుర్తుండేది కాదు. ఆవిడ పగిలిన గాజుపెంకులు ఏరుకుంటూ, “చూసేరా, నేనన్నాను కదా” అనేది. కోపం కాదది, బెంగ. ఇంట్లో ఉన్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో నేను చూశాను.

ఈమధ్య మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. నన్ను అద్దాలపెట్టెలో పెడతారట. మర్యాదగానే అంది, “వెనక ఈ పెన్సిలు రాతలు శుభ్రం చేయించేస్తాం సార్” అని.

హేమసుందరి ముఖం తెల్లబోయింది. “తినకుండా చెరిపీడానికి మీరెవరమ్మా?” అంది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఇన్నేళ్లలో అలా చూడగా నేను చూడలేదు.

“ఎల్లుండి నేనే పట్టుకొస్తానమ్మా” అని ఆ అమ్మాయిని పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను తొడకు కట్టుకుని వంటింట్లోకి దిగాడు. ‘ఉలవలు నానినవి, సరే. కుక్కరు మూత, సరే’ అని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ, విమానం లేపే ముందు చేసినట్టే. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క సాయం చెప్పలేదు. మూడు గంటలు మరిగాక గరిటెతో కొంచెం తీసి ఆవిడకు అందించాడు. అయ్యో, వదిలేస్తాడు, పడిపోతుంది అనుకున్నాను. వదల్లేదు. ఆవిడ వేళ్లు గరిటె మీద బిగుసుకునేదాకా పట్టుకునే ఉన్నాడు.

“ఉప్పెక్కువైంది” అంది. కళ్లు తుడుచుకుంది. “రండి, తిందాం.”

తిన్నారు. ఆయన చెయ్యి కడుక్కుని, రబ్బరు తీసుకుని, నన్ను తిరగేసి చెరిపాడు. గట్టిగా ఒత్తి రాసింది కదా, గాడి మిగిలిపోయింది. ఆవిడ ఆ గాడిని వేలితో ఒకసారి నిమిరింది.

“దిగేరు” అంది.

మర్నాడు నన్ను పట్టుకుని మ్యూజియానికి బయల్దేరాడు. చెప్పులేసుకుంటుంటే, “ఆగండి” అని ఆవిడ పెన్సిలుతో వచ్చింది. పాత అలవాటు, చెయ్యి ఊరుకోలేదు. మ్యూజియం గేటు దగ్గర ఆయన నన్ను తిరగేసి చదివాడు. మళ్లీ ఆ పూట వంట, తిన్నాకే చెరపాలి. అక్కడే నిలబడి పెద్దగా నవ్వి, లోపలికి వెళ్లి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చేశాడు.

అద్దాలపెట్టె ఖాళీగానే ఉందట. ఉండనీండి, నాకు తీరిక లేదు. ఇవాళ ఆయన కొత్తిమీరకని బజారుకు బయల్దేరాడు. నా వెనక ‘చింతచిగురు పప్పు’ అని ఉంది. ఒంటిగంటకల్లా ఇంటికి చేరాలి.