యజమాని వాటా

బీమా ఆఫీసు గుమాస్తా కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోశాడు. యజమాని వాటా జమ కాలేదు, బీమా కార్డు చెల్లదన్నాడు.

వదిన కదల్లేదు. యాప్ కంపెనీ కింద ఇళ్లు కడిగే ఆడవాళ్లందరికీ ఆమె వదినే. కాగితం ఆమె తోడికోడలిది. పన్నెండో అంతస్తులో ఎవరిదో బాత్రూము తోముతూ ఆసిడ్ నీళ్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. వారం నుంచి ఆసుపత్రి వరండాలో పడి ఉంది. కార్డు చెల్లితేనే ఆపరేషను.

"ఆ యజమాని ఎవరో చెప్పండి బాబూ, కాళ్లు పట్టుకునైనా కట్టిస్తాను."

గుమాస్తా చెడ్డవాడేం కాదు. కంప్యూటర్లో రెండుసార్లు చూశాడు. "ఈవిడేనమ్మా. స్వతంత్ర వ్యాపారి అని ఉంది. రెండు వాటాలూ ఈవిడే కట్టుకోవాలి."

చేరేటప్పుడు ఫోన్లో ఒక గడి చూపించి నొక్కమన్నారు, అందరూ నొక్కారు. స్వతంత్ర అన్న మాట చూసి తోడికోడలు మురిసిపోయింది, ఇక మనమీద పెత్తనం చేసేవాడు ఉండడని. ఏ ఇంటికి వెళ్లాలో, ఎన్ని నిమిషాల్లో కడగాలో, ఏ రంగు చొక్కా తొడగాలో కంపెనీయే చెప్పింది. వాటా కట్టాల్సిన చోట మాత్రం చేతులు దులుపుకుంది.

ఆదివారం బస్సు డిపో వెనక షెడ్డులో నలభై మంది కూడారు. పని మానేస్తే ఫోను మూగబోతుందని కొందరు, మోగినా బతికిందేముందని కొందరు గొంతులు చించుకున్నారు. చివరికి అందరికంటే పెద్దదైన ముసలమ్మ లేచింది.

"మనం ఓనర్లమంట కదే. మన కొట్టు మనం కట్టేసుకుందాం."

అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుతోనే తగువు తీరిపోయింది. సోమవారం కంపెనీ గేటు ముందు బకెట్లు బోర్లించి కూర్చున్నారు. యజమాని వాటా కంపెనీయే కట్టాలి, అంతే.

మూడో రోజు పోలీసు వ్యాన్లు వచ్చాయి. సమ్మె మా హక్కని వదిన అడ్డం తిరిగింది. ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గానే చెప్పాడు. "సమ్మె చేసేది కూలీలు. మీరు వ్యాపారులు. వ్యాపారులు కూడబలుక్కుంటే కుట్ర అంటారు." అందర్నీ వ్యాన్లెక్కించారు.

మధ్యాహ్నం స్టేషనుకు మరిది, తోడికోడలి మొగుడు, వచ్చాడు. చేతిలో ఆసుపత్రి కాగితం. పడుకున్న చోటే పుండ్లు పడి, చీము ఒళ్లంతా పాకి పొద్దున్నే ఆమె పోయిందన్నాడు. వదిన గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. రైటర్ మెల్లగా వాంగ్మూలం ముందుకు జరిపాడు. సంతకం పెడితే పూచీకత్తు మీద ఇప్పుడే వెళ్లొచ్చు. వృత్తి అన్నచోట వ్యాపారం అని ఉంది.

"పెట్టేసి రా వదినా," అన్నాడు మరిది. "నువ్వు రాకుండా దాన్నెట్లా సాగనంపేది?"

వదిన ఆ మాట మీద వేలు పెట్టింది. "కూలి అని రాయండి, పెడతాను." కుదరదన్నాడు రైటర్. "అయితే నన్ను ఇక్కడే ఉంచుకోండి."

ముసలమ్మను పిలిచారు. కూలి అంది. తర్వాతామె కూడా అదే అంది. ఆడవాళ్లను ఒక్కొక్కరినే లాకప్పులోకి తోశారు. చోటు చాలక కొందరిని వరండాలో కూర్చోబెట్టారు. గెలుస్తామని వాళ్లలో ఎవరూ అనుకోలేదు.

మరిది తన చేతిలోని చావు కాగితం విప్పాడు. భార్య పేరు కింద, వృత్తి: వ్యాపారం. బల్లమీది కలం అందుకుని ఆ మాట కొట్టేశాడు. వంకర అక్షరాలతో కూలి అని రాసి, వెళ్లి వరండాలో వాళ్ల పక్కన కూర్చున్నాడు.