రాయిలాంటి మాత్ర

నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మదే అయినా కథ మాత్రం ఆగదు.

మా వీధిలో మాత్రలాయన అని ఒకడు ఉండేవాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆ అక్కకి ఆయాసం. తల్లి నేర్పిన ఆకు కషాయంతోనే అది అణిగి ఉండేది.

"నీ కషాయం కంటే ఆయాసమే నయంరా," అనేది ప్రతిసారీ, మొహం వికారంగా పెట్టి.

ఆ చేదు తప్పించాలనే అతను కషాయాన్ని ముద్దయ్యేదాకా మరిగించి, ఎండబెట్టి, పొడి కొట్టి, చేతి మరలో మాత్రలుగా నొక్కాడు. వానాకాలం వచ్చేసరికి పొడి చెమ్మ పీల్చింది. డబ్బా తెరిస్తే మాత్రలన్నీ నుసి. పట్టుదల కొద్దీ జిగురు పెంచాడు, మర బిగించాడు. భుజం ఎత్తు నుంచి గచ్చు మీద ఎన్నిసార్లు పడేసినా మాత్ర ఠంగుమంది, పెచ్చు లేవలేదు. అతని మొహం వెలిగిపోయింది.

"ఇది మందా, గోలీకాయా?" అంది అక్క.

"ముందు మింగు, తర్వాత వెక్కిరించు."

మింగింది. ఆయాసం తగ్గకపోగా ముదిరింది. పూటకి రెండు చేశాడు. ఒకరోజు స్నానాలగది తూము దగ్గర ఒక మాత్ర కనబడింది.

"చిన్నపిల్లవా అక్కా? బుగ్గన పెట్టుకుని ఉమ్మేస్తున్నావా?"

"లేదురా," అంది. ఆపైన మాట్లాడే ఊపిరి లేదు.

అప్పటినుంచి ఎదురుగా నిలబడి మింగించేవాడు. మింగాక నోరు తెరిచి చూపించమనేవాడు. ఆమె చూపించేది.

అక్క మంచం పట్టింది. ఒక ఉదయం అతని భార్య మలం తీసిన గిన్నెతో పెరటి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఇలా రండి. వదిన ఉమ్మట్లేదు."

గిన్నెలో మాత్రలు. అంచులైనా అరగలేదు. మర వేసిన గీత కూడా అలాగే ఉంది. డబ్బాలోంచి కొత్తది తీసి గ్లాసు నీళ్లలో వేశాడు. మధ్యాహ్నమైనా అడుగున అలాగే కూర్చుంది, నీళ్లకి రంగైనా దిగలేదు. గచ్చు మీద అన్నిసార్లు పడేసినవాడు నీళ్లలో ఒక్కసారీ వేసి చూడలేదు.

గబగబా ఆకు తెచ్చి కాచాడు. చెంచాతో పోస్తే సగం పెదవి చివర నుంచి దిండు మీదికి కారిపోయింది. అక్క మొహం చిట్లిస్తే చాలనుకుని చూస్తూ కూర్చున్నాడు.

"చేదుగా ఉందా అక్కా?"

మొహం చిట్లించలేదు. అతనివైపు చూసి, మెల్లగా నోరు తెరిచి చూపించింది.

— మేడమీది పిన్ని, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు కూతురింట్లో, వెనక గదిలో.