అందరికీ అత్త

ఫాదర్‌కి చెల్లెలు కాబట్టి ఆయన నడిపే అనాథల ఇంట్లో పిల్లలందరికీ ఆవిడ అత్త. ఈ వరస ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మొగుడు పోయి, చంకలో బిడ్డతో అన్నయ్య దగ్గరికి వచ్చి వంటింట్లో అడుగుపెట్టిన కొన్నాళ్ళకే ఇల్లంతా "అత్తా, ఆకలి!" అని కేకలు పెట్టడం నేర్చుకుంది. రైళ్ళలో చీపురు పట్టి ఊడ్చినవాళ్ళు, చెత్తకుప్పల్లో సీసాలేరినవాళ్ళు, మత్తు కోసం జిగురు పీల్చి పీల్చి మాట ముద్దగా వచ్చేవాళ్ళు, ఎక్కడెక్కడి పిల్లలనో అన్నయ్య చెయ్యిపట్టి తెచ్చేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేవాడు. రంపం పట్టడం, వైరింగు చెయ్యడం నేర్పించేవాడు. పేలు తీసి, పుళ్ళు కడిగి, కడుపు నింపడం ఆవిడ వంతు.

ఆవిడ కొడుక్కి మాత్రం ఏ వరసా కుదరలేదు. వాడు "మామయ్యా" అంటే ఫాదర్ మొహం ముడుచుకునేవాడు.

"అందరిలాగే ఫాదర్ అనరా. లేకపోతే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు."

అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరైనా దాతలు బట్టలు పంపితే వాడి వంతు ఆఖరు. బూట్లు చాలకపోతే తగ్గేది వాడికే. ఆవిడ నోరు తెరవబోతే అన్నయ్య దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

"వాడికి తల్లి ఉంది కదమ్మా. వీళ్ళకెవరున్నారు?"

ఆ మాటకి ఎదురు చెప్పడానికి ఆవిడకి సిగ్గేసేది. పోనుపోను కన్నకొడుకు కంచంలో చివర వడ్డించడం ఆవిడకీ అలవాటైపోయింది.

వాడికి ఇంకా గొంతు కూడా మారని వయసు. ఒకరోజు ఫాదర్ కాలు విరిగిన పిల్లాణ్ణి ఒకణ్ణి ఎత్తుకొచ్చాడు. మంచాలు ఖాళీ లేవు. జ్వరంతో మూలుగుతున్న మేనల్లుణ్ణి లేపి, "నువ్వు వంటింట్లో అమ్మ పక్కన పడుకోరా" అన్నాడు. వాడు దుప్పటి మడిచి, మంచం మీదే పెట్టి వెళ్ళాడు. తెల్లారేసరికి లేడు.

ఫాదర్ గిలగిలలాడిపోయాడు. అందులో నటన లేదు. స్టేషన్లూ, బస్టాండులూ, వంతెనల కిందా కాళ్ళరిగేలా తిరిగాడు. ఒక సాయంత్రం గేటు చప్పుడైతే ఆవిడ గరిటె పడేసి పరుగెత్తింది. అన్నయ్య వెనక ఇద్దరు పిల్లలున్నారు. ఎవరి పిల్లలో.

"వాడు దొరకలేదమ్మా" అన్నాడు ఫాదర్ తలదించుకుని. "వీళ్ళు ప్లాట్‌ఫారం మీద కనిపించారు. ఎప్పుడు తిన్నారో ఏమో. కాస్త చూడు."

ఆవిడ నీళ్ళు కాచి ఇద్దరికీ తల రుద్దింది. కళ్ళలో సబ్బు పడి చిన్నవాడు, అప్పుడే ఎవరు నేర్పారో, "అత్తా, మంట!" అని ఏడ్చాడు. చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ చెయ్యి చేసుకోవడం అదే మొదలు. తరవాత వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది.

ఆ పిల్లలంతా పెద్దవాళ్ళయ్యారు. వడ్రంగులయ్యారు, మెకానిక్కులయ్యారు, ఒకడు వకీలయ్యాడు. సన్మాన సభల్లో ఎవరో ఒకరు మైకు ముందుకొచ్చి, "ఫాదర్ చెయ్యి పట్టుకున్నవాళ్ళెవరూ దారి తప్పలేదు" అనేవారు. ఆవిడ వెనక గదిలో గిన్నెలు తోముతూ వినేది.

ఫాదర్‌కి మతిమరుపు ముదిరి, ముందుగదిలో కుర్చీకే పరిమితమైపోయాక, ఒక మధ్యాహ్నం చెంపలు నెరిసిన మనిషి ఒకతను హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చూపు పడగానే పోల్చుకుంది.

ఫాదర్ మొహం మాత్రం విప్పారింది. "రారా నాయనా! నువ్వు ఏ స్టేషన్‌లో దొరికావురా?"

"నేను దొరకలేదు ఫాదర్."

"అలాగా! ఆకలేస్తోందా? లోపల అత్త ఉంటుంది, వెళ్ళు."

అతను నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళి, "సర్దుకో. నాతో వద్దువుగాని" అన్నాడు.

కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ కంగారుపడ్డాడు. "మీరెళ్ళిపోతే ఈయన్నెవరు చూస్తారమ్మా?"

"ఇంతమందిని పెంచాడుగా. ఒక్కడైనా రాకపోడు" అంది. ఆ గొంతు తనదేనా అని ఆవిడే ఉలిక్కిపడింది. పెరిగిన పిల్లలే వంతులేసుకుని వచ్చి చూసుకున్నారని కొడుకింటికొచ్చాక తెలిసింది.

కొడుకు క్రేన్ నడుపుతాడు. కోడలు నెమ్మదస్తురాలు. మనవరాలు "నానమ్మా" అంటూ కొంగు వదలదు. ఆవిడకి ఏ లోటూ లేదు, కొడుకు పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడడన్న లోటు తప్ప. ఒక ఆదివారం పొద్దున్న ఆవిడే కదిపింది.

"మామయ్యని తిట్టుకోకురా. నీకోసం ఊరంతా గాలించాడు."

"తెలుసు. వంతెన స్తంభం చాటునుంచి చూశాను. నా పేరు పెట్టి పిలుస్తూ నా ముందునుంచే వెళ్ళాడు."

"మరి పలకలేదేంరా?"

"నువ్వొస్తావనుకున్నానమ్మా."

ఆ రోజుల్లో పొయ్యి మీద ఎంత పెద్ద గిన్నె ఉండేదో, తను కదిలితే ఎంతమంది పస్తుండాలో చెప్పబోయి ఆవిడ ఆగిపోయింది. కొడుకు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. కోడలు వచ్చి టిఫిన్ పెట్టనా అని అడిగితే, ఆకలి లేదంది.