గొంతు చాలక కొన్న ఫోను

కొత్త ఫోను వచ్చిన రోజున అది జిగురాయన్ని మనిషిగానే లెక్కచెయ్యలేదు. వేలితో తోస్తే కదలదు, నొక్కితే పలకదు. పొద్దస్తమానం పుస్తకాలకు అట్టలు కట్టే మనిషాయె! వేళ్ల మీద జిగురు ఎండి, దాని మీద మళ్లీ జిగురు ఎండి, అసలు చర్మం అడుగునెక్కడో ఉంది. పేరు కూడా ఆ జిగురు కిందే పడిపోయి, అందరికీ జిగురాయనే అయ్యాడు.

ఫోను తెచ్చిపెట్టింది బావమరిది. సుతారంగా తొయ్యి బావా, అట్ట అతికించినట్టు అదమకు అని నేర్పబోయాడు. ఈయన చేతులు శుభ్రంగా తోముకొచ్చి, అలవాటు కొద్దీ పక్కనున్న తడి స్పాంజి మీద వేలు అద్ది, పేజీ తిప్పినట్టు తిప్పాడు. అద్దం మీద బొమ్మలన్నీ చెల్లాచెదురయ్యాయి. బావమరిది తల పట్టుకున్నాడు. ఆ పూటంతా తంటాలు పడి, కొత్త నంబరు అక్కకు పంపి, ఆవిడ ఫోను చేస్తే ఎత్తడం మాత్రం నేర్పి, బతుకుజీవుడా అంటూ తన దారిన పోయాడు.

ఒంటరిగా మిగిలాక ఆయన ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం పనితనమో ఏమో, పుస్తకానికిలా కుట్టు లేదు, వీపు లేదు, విప్పి లోపలేముందో చూసే దారీ లేదు. అయినా అందంగానే ఉంది, కాదనకూడదు. మాసిపోతుందేమోనని మిగిలిన బట్టముక్కతో దానికీ ఓ అట్ట కట్టాడు. వెనకున్న కెమెరా మూసుకుపోయిందని తరవాత చూసుకుని, నాలిక్కరుచుకుని, అక్కడ బెజ్జం కోశాడు.

ఈ వయసులో ఈ సోకెందుకంటే, భార్యను చూడాలని. ఆవిడ దూరాన ఓ నగరంలో, ఓ ముసలావిడకు వండిపెడుతూ కనిపెట్టుకుని ఉంటోంది. మధ్యాహ్నం ముసలావిడ కునుకు తీసినప్పుడు ఫోను చేస్తుంది. ఆవిడ దగ్గర ముఖం చూపించే ఫోనే ఉన్నా, ఈయన పాత మీటల ఫోనులో రోజూ అవే మాటలు. నేను బాగున్నాను, వేళకు తింటున్నారా అని ఆవిడ. తింటున్నాను, నాకేం, రాయిలా ఉన్నాను అని ఈయన. గొంతుతో అబద్ధమాడటం ఎంత తేలికో ఆయనకు తెలుసు, తానూ రోజూ ఆడేది అదేగా. ఆ ఇంటివాళ్లు ఇంకో ఏడాది ఉండమంటున్నారని ఆమధ్య ఆవిడ చెప్పింది. సరేననాలో, వచ్చెయ్యమనాలో ఆయనకు తేలలేదు. ఒక్కసారి ముఖం చూస్తే తేలిపోతుందనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త ఫోను మోగేసరికి చేతుల నిండా పచ్చి జిగురు. వేలు పెట్టాడు, పలకలేదు. మణికట్టు పెట్టాడు, మోచెయ్యి పెట్టాడు. ఆగిపోతుందేమోనని చివరికి వంగి ముక్కుతో తోశాడు.

ఆవిడకు ముందు కనబడింది ముక్కే. ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఆయనా నవ్వుతూ వెనక్కి జరిగాడు. అప్పుడు ఒకరికొకరు నిండుగా కనబడ్డారు, నవ్వు ఆగిపోయింది. ఆవిడ చెంపల దగ్గర జుట్టు నెరిసింది. కళ్లు లోతుకు పోయాయి. ఇటు ఈయన గడ్డం మాసిపోయి ఉంది, మెడ దగ్గర ఎముకలు పైకి తేలి ఉన్నాయి.

ఆవిడ చూపు ఆయన భుజం మీదుగా గదిలోకి పోయింది.

"నా మంచం మీద పుస్తకాలు పెట్టారేం?"

"ఖాళీగా ఉంటే చూడలేక."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకెప్పుడూ ఇలా కనబడకండి. గొంతొక్కటే అయితే ఎలాగో నెట్టుకొస్తాను. మిమ్మల్ని చూస్తే నేనిక్కడ ఉండలేను."

అని పెట్టేసింది.

వచ్చెయ్యమనే మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కొత్త ఫోనును దాని డబ్బాలో పెట్టి, డబ్బాను అలమరలో పెట్టాడు. ఆ రోజు ఆయన కట్టిన పుస్తకాల్లో ఒకదానికి అట్ట తలకిందులుగా పడింది. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. ముఖం చూస్తే తేలిపోతుందనుకున్నది నిజంగానే తేలిపోయింది, ఇక వచ్చెయ్యమనడమే మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం పాత ఫోను మోగింది. ఆవిడ ఈసారి తిన్నారా అని అడగలేదు.

"కొత్త ఫోనేదండీ?"

"డబ్బాలో పెట్టేశాను. నువ్వేగా వద్దన్నావు."

"అన్నాను. రాత్రంతా నిద్ర లేదు. ఒక్కసారి చూస్తాను, తియ్యండి."

ఆయన అలమర వైపు చూశాడు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. చూడాలని ఆయనకు మాత్రం లేదా? ప్రాణం కొట్టుకుపోతోంది.

"నేను తియ్యను. నువ్వే వచ్చి తియ్యి."

అటువైపు ముసలావిడ నిద్రలో దగ్గడం వినిపించింది. ఆవిడ ముక్కు ఎగబీల్చి, ఈవిడకు వేరే మనిషిని కుదర్చాలి కదా, కొన్నాళ్లు పడుతుంది అంది. తరవాత గొంతు కాస్త తేటపడింది.

"నేనొచ్చేలోగా ఆ గడ్డం తీయించుకోండి. మంచం మీద పుస్తకాలు కూడా."

అలాగేనన్నాడు ఆయన. ఫోను పెట్టేశాక, చేతులకు జిగురుందన్న సంగతి కూడా మరిచిపోయి గడ్డం తడుముకున్నాడు.