కిటికీ కవరు

విజయశ్రీకి అన్నిటికంటే పెద్ద భయం ఇది: మూసిన తలుపు వెనక తన కూతురు ఉండడం, ఆ గదిలో ఉన్న మనిషి ఎలాంటివాడో తెలిసిన పెద్దమనుషులు ముందుగదిలో కూర్చుని పేకముక్కలు సర్దుకుంటూ ఉండడం.

ఆ భయాన్ని ఇంత విడమరిచి చెప్పుకోగలగడం ఆమెకు ఒక గురువారం మధ్యాహ్నం నుంచే వచ్చింది. అంతకుముందు అది ఊరికే గుండెదడ. ఫ్రీవే ఎక్కితే దడ, ఫోన్ మోగితే దడ, రేణు కిండర్‌గార్టెన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే దడ. "నీకు భయపడడం ఒక ఉద్యోగం. జీతం లేదు గానీ సెలవు కూడా లేదు" అని రామమోహన్ స్నేహితుల ముందు జోకు వేసేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, చేతిలో పకోడీల పళ్లెంతో.

సన్నీవేల్‌లో వాళ్లది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. రామమోహన్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. ఆమెది తెనాలిలో సగంలో ఆగిపోయిన ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఆమెకు అప్పగించిన పనుల్లో టపా ఒకటి. "అడ్రసు కనిపించే కిటికీ ఉన్న కవర్లన్నీ బిల్లులే. పేరూ ఊరూ చూస్తూ కూర్చోకు. చించి, తారీఖుల వారీగా నా బల్ల మీద పెట్టు. అంతకుమించి నీ బుర్రకి పని చెప్పకు" అని కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్పాడు. ఏడేళ్లుగా ఆమె అలాగే చించుతోంది. ఆ గురువారం కూడా పప్పు పొయ్యి మీద పెట్టి, వెన్న కత్తితో నాలుగు కవర్లు చించింది. కరెంటు, ఫోను, కారు ఇన్సూరెన్సు. నాలుగోది బిల్లు కాదు.

పైన పేరు కొండల్ రావుది. కింద అడ్రసు తమది.

కొండల్ రావు మార్చిలో షికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి వచ్చాడు. మూడు వారాలు వాళ్ల సోఫా మీద పడుకున్నాడు. రామమోహన్ షికాగోలో స్టూడెంట్‌గా తిండికి అల్లాడుతున్న రోజుల్లో తన గదిలో చోటిచ్చి అన్నం పెట్టినవాడు. ఆ అన్నం బదులు తీర్చడం ఇప్పుడు విజయశ్రీ వంతు. అతను వేరే అపార్ట్‌మెంట్‌కి మారినా ప్రతి బుధవారం కూరల డబ్బా కట్టి పంపుతోంది. "స్థిరపడేదాకా వాడి ఉత్తరాలు మనింటికే రానీ" అన్నాడు రామమోహన్. పరాయి ఊళ్లో మనవాళ్లు మనవాళ్లకి అడ్రసు ఇవ్వడం మామూలే. ఎందుకని ఎవరు అడుగుతారు?

లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్మినప్పుడు కొన్న నిఘంటువు దించుకుంది. కాగితం మీద మాటలు ఒక్కొక్కటే వెతికింది. పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా వెతికింది. ఉత్తరం పోలీసు శాఖ నుంచి. స్త్రీల మీద, పిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడ్డవాళ్లు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలట. ఇల్లు మారితే ఇదివరకు ముప్ఫై రోజుల్లోపు చెప్తే సరిపోయేది, ఇకమీదట పద్నాలుగు రోజులే గడువట. స్వయంగా వచ్చి, కొత్త ఫోటో, వేలిముద్రలు ఇచ్చి, పెరిగిన రుసుం కట్టాలట. లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడం ఆలస్యమైతే వచ్చే కాగితంలా, ఎంత మర్యాదగా రాశారో! ప్రియమైన అని కూడా రాశారు.

ఆమె వంటింటి నేల మీద కూర్చుండిపోయింది.

ప్రతి శనివారం వాళ్లింట్లో పాట్‌లక్. పేరుకి తలా ఒక వంటకం, నిజానికి ఇరవై మందికి అన్నం, పప్పు, పులుసు, అంట్లు అన్నీ ఆమెవే. మగవాళ్లు ముందుగదిలో పేకాట. ఆడవాళ్లు వంటింట్లో. పిల్లలు నడవా చివర బెడ్‌రూములో, కొండల్ రావు అంకుల్‌తో. నాణెం మాయం చేసే గారడీ, బబుల్ గమ్, కథలు. "మీరు హాయిగా కబుర్లు చెప్పుకోండి చెల్లెమ్మా, పిల్లల సంగతి నేను చూసుకుంటాగా" అనేవాడు. పేకాటకి వచ్చేవాళ్లలో ఒకతని తల్లి, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అనంతలక్ష్మి గారు మెటికలు విరిచేది. "బంగారం లాంటి మనిషి. మా వాడు ఒక్కసారైనా పిల్లదాన్ని ఎత్తుకున్నాడా?" పోయిన శనివారం రేణు తల్లి కుచ్చిళ్లు పట్టుకుని వదలకపోతే విజయశ్రీయే విసుక్కుంది. "ఛీ, అదేం అలవాటు? వెళ్లి అంకుల్‌కి థాంక్యూ చెప్పి ముద్దు పెట్టు."

ఆ మాట ఇప్పుడు తన నోట్లోంచే తనకి వినిపించింది. లేచి పొయ్యి ఆర్పింది.

సాయంత్రం రామమోహన్ ఉత్తరం చూసి అడిగిన మొదటి మాట, "ఇది ఎందుకు చించావు?"

"కిటికీ కవర్లన్నీ చించమన్నది మీరేగా."

"ఎదురు మాట్లాడకు."

"మీకు ముందే తెలుసా?"

అతను బూట్ల లేసులు విప్పుకుంటూ అన్నాడు. "తెలుసు. అందరికీ తెలుసు. అంటే, మగవాళ్లకి."

ఆమెకు ఒక్క క్షణం ఆ వాక్యం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందుగదిలో కుర్చీలు ఒక్కొక్కటే కనిపించాయి. ఎవరెవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరి కాఫీలో ఎంత చక్కెరో ఆమెకు కంఠతా వచ్చు.

"అక్కడ ఏదో గొడవైందిలే. ఒక పిల్ల స్కూల్లో టీచర్‌తో ఏదో వాగింది. ఈ దేశంలో పిల్లలకి నోళ్లెక్కువ. లాయర్ ఒప్పేసుకోమంటే వీడు ఒప్పేసుకున్నాడు. పాపం, పెళ్లాం కూడా వదిలేసి పోయింది."

"ఎవరి పిల్ల?"

"జయంతి అని... నీకు తెలీదులే."

"ఎన్నేళ్ల పిల్ల?"

"ఎనిమిదో తొమ్మిదో. ఇప్పుడు నువ్వు లాయర్‌వా?"

"మన రేణుకి ఐదు."

"ఇంటి నిండా జనం ఉండగా ఏమవుతుందే? బుర్ర వాడు కొంచెం. వాడి కొత్త అపార్ట్‌మెంట్ వాళ్లకి తెలిస్తే ఖాళీ చేయిస్తారని మన అడ్రసు వాడుకోమన్నా. అంతే. ఆ కవరు గమ్ పెట్టి అంటించు. శనివారం వాడి చేతికివ్వు. వంటింట్లో ఆడవాళ్ల దగ్గర నోరు జారావో, తెలుగువాళ్ల పరువంతా తీసిన మహాతల్లివి నువ్వే అవుతావు. అయినా అది ఇంగ్లీషు. నీకేం అర్థమైందో, ఏం కాలేదో."

పరువు. ఆమె అంట్లు తోముతూ ఆ మాటని చాలాసేపు నమిలింది. ఈ ఇంటి పరువు ఏడేళ్లుగా ఆమె మోస్తోంది. సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాలు పగలకుండా మోసింది. పేకాట పాడవకుండా ఇరవై కప్పుల కాఫీ మోసింది. అతను ఆమె ఇంగ్లీషు మీద జోకులు వేస్తే మొహం మాడకుండా మోసింది. ఇప్పుడు ఇది కూడా ఎత్తుతున్నారు నెత్తి మీద. వాళ్లంతా మగవాళ్లు, ఆలోచించారు, తూచారు. ఒక పక్క కొండల్ రావు అపార్ట్‌మెంట్, ఇంకో పక్క పిల్లలు. తూచాక ముక్కలు పంచుకున్నారు. సర్కారు వాడు కనీసం ముప్ఫైయా పద్నాలుగా అని రోజులైనా లెక్కపెడుతున్నాడు. వీళ్లు పక్కగదిలో పిల్లల్నే లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున రేణుకి జడ వేస్తూ అడిగింది. "కొండల్ రావు అంకుల్ ఆటలు బాగుంటాయా అమ్మలూ?"

దువ్వెన కింద తల కదలడం మానేసింది.

"అంకుల్ డోర్ క్లోజ్ చేస్తాడు. మమ్మీకి చెప్పద్దు అంటాడు. ఐ డోంట్ లైక్ ఇట్, అమ్మా."

"ఇంక ఎప్పుడూ క్లోజ్ చెయ్యడు," అంది విజయశ్రీ. ఇంకా అడగాల్సింది చాలా ఉంది. మెల్లగా, ఒళ్లో కూర్చోబెట్టుకుని, డాక్టర్ని పెట్టుకుని అడగాలి. "నువ్వు చెప్పడం చాలా మంచి పని. నేను ముద్దు పెట్టమన్నాను చూడు, అదీ తప్పు. అమ్మది తప్పు." రిబ్బను ముడి వేసింది.

పిల్లని స్కూల్లో దింపి వచ్చి, భర్త ఫోను పుస్తకంలో జయంతి నంబరు వెతికింది. అడ్డంగా కొట్టేసి ఉంది గానీ అంకెలు కనిపిస్తున్నాయి.

అవతల ఫోనెత్తినామెకి కొండల్ రావు పేరు చెప్పింది. వెంటనే జయంతి అంది, "ఇప్పుడు మీ ఊళ్లో ఉన్నాడా?"

"ఉన్నాడండీ."

"మూడేళ్లలో మీరే మొదటివారు, ఆ విషయంలో నాకు ఫోన్ చేసింది. మా మీనా చెప్పింది ఒక్కరు నమ్మలేదమ్మా. మమ్మల్ని పండగలకి పిలవడం మానేశారు. మా ఆయన కూడా, టీచర్‌కి ఎందుకు చెప్పావని దాన్నే కొట్టాడు. అప్పట్నుంచి అది తెలుగు మాట్లాడదు. ఒక్క ముక్క మాట్లాడదు. అమ్మా అని కూడా పిలవదు నన్ను."

విజయశ్రీ ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని, బస్సెక్కింది. పోలీసు కౌంటర్ దగ్గర మాటలు వరసలో రావడానికి ముందే కాగితం మీద రాసి పెట్టుకుంది. ఈ మనిషి నా ఇంట్లో లేడు. ఏప్రిల్ నుంచి లేడు. నా కూతురు ఒక మాట చెప్పింది. ఎవరితో మాట్లాడాలి?

కౌంటర్‌లో ఉన్నామె కాగితం రెండుసార్లు చదివింది. ఆ జాబితా బయటివాళ్లకి చూపించడం కుదరదంది. పిల్లలున్న ఇళ్లకి కబురు పెట్టరా అని అడిగితే, అలాంటి నిబంధన లేదంది. కానీ లోపల్నించి ఒక ఆడ డిటెక్టివ్‌ని పిలిచింది. వచ్చినామె అడిగింది.

"అతను ఇప్పుడు ఎక్కడుంటున్నాడో మీకు తెలుసా?"

వీధి పేరు, బిల్డింగు, అపార్ట్‌మెంట్ నంబరు గడగడా చెప్పింది.

"ఇంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"ప్రతి బుధవారం డబ్బా మీద నేనే రాస్తాను," అంది విజయశ్రీ. "అతనికి వంట నేనే చేస్తాను."

శనివారం ఆమె పొయ్యి వెలిగించలేదు. రేణుని కింది అంతస్తులో పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. జనం వచ్చారు, వాళ్లు తెచ్చిన గిన్నెలు వచ్చాయి, పేకముక్కలు వచ్చాయి. కొండల్ రావు జేబులో గమ్ పాకెట్లు గలగలలాడించుకుంటూ వచ్చాడు. "ఏం చెల్లెమ్మా, వంటింట్లోంచి వాసనే రావట్లేదు? మా బావ నిన్ను స్ట్రయిక్ చేయమన్నాడా?"

విజయశ్రీ నడవాకి అడ్డంగా నిలబడింది. చేతిలో చించిన కవరు.

"మీ ఉత్తరం. పోలీసులు రాశారు. పిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడ్డవాళ్లు ఇల్లు మారితే పద్నాలుగు రోజుల్లో చెప్పాలట, మీరు చెప్పలేదు. నేను చెప్పి వచ్చాను. నేను మీ చెల్లెమ్మని కాదు."

ముక్కలు పంచుతున్న చెయ్యి ఆగింది. రామమోహన్ లేచి, "దానికి ఇంగ్లీషు సరిగా రాదు, ఏదో చదివి ఏదో అనుకుంది..." అంటూ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏం ఉత్తరమని కూడా అడగలేదు. అడగకపోవడంతోనే, వీళ్లకి ముందే తెలుసని వంటింట్లో ఆడవాళ్లకి తెలిసిపోయింది. ఒక్కొక్కరూ తమ మొగుడి మొహం చూశారు. ప్రతి మొగుడూ నేల చూశాడు.

అందరికంటే ముందు అనంతలక్ష్మి గారు కదిలింది. చేతిలో గిన్నె గట్టు మీద పెట్టి, విజయశ్రీని దాటుకుని వెళ్లి, బెడ్‌రూములోంచి మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. కొడుకు, "అమ్మా, నీకు సంగతి తెలీదు, కూర్చో" అన్నాడు.

"నీకు తెలుసు కదరా," అంది ఆవిడ. "తెలిసే కూర్చున్నావు కదరా."

కొండల్ రావు ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చెప్పలేదు. పేకముక్కలు మాత్రం పంచినవి పంచినట్టే ఉండిపోయాయి. సోమవారం డిటెక్టివ్ వస్తుంది. ఆ లోపు రామమోహన్ ఎన్ని మాటలంటాడో, ఈ ఇంట్లో ఎన్నాళ్లు ఉండాలో విజయశ్రీకి తెలియదు. గుండెదడ తగ్గలేదు. తగ్గకపోయినా గుండె పనిచేస్తుందని మాత్రం తెలిసింది.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా నేపర్‌విల్ చుట్టుపక్కల ఉంటే, జయంతి ఇంకా అక్కడే ఉంటోంది. ఒక్కసారి వెళ్లి మీనాని చూసి రండి. ఇప్పుడు పదకొండేళ్లుంటాయి. తెలుగులో పలకరించకండి, ఏమీ అడక్కండి. నువ్వు చెప్పింది నిజమేనని, ఆ పిల్ల మాట్లాడే భాషలోనే చెప్పి రండి.