పాత ట్యాపెట్లు

అనసూయమ్మ తమ్ముడి సంచి సర్దుతోంది. చొక్కాలు, లుంగీలు, తువ్వాలు, నాగ్‌పూర్‌లో చలి ఎక్కువని ఎవరో అంటే కొన్న స్వెట్టరు. పల్లీల పొడి సీసా మూత ఊడుతుందేమోనని దానికి గుడ్డ కట్టి, గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు చుట్టింది. అంతా అయ్యాక జిప్పు తీసి, కింద పెట్టినవి పైకి, పైన పెట్టినవి కిందికి మార్చింది. ప్రయాణం ఇంకా ఎల్లుండి. సంచి మాత్రం ఇవాళే రెండుసార్లు నిండింది.

చిక్కడపల్లిలో మెట్రో స్తంభాల వెనక సందులో వాళ్ళది రెండు గదుల కిరాయి ఇల్లు. అనసూయమ్మ అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు, ఉప్పు తక్కువైతే పుస్తకం మూయకుండానే తిడతారు. తమ్ముడు మాసయ్యకు సొంత కారుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు బండి. దాన్నే ఇన్నాళ్ళు నగరంలో కిరాయికి తిప్పాడు. ఫోన్ మోగితే లేవడం, మోగకపోతే దిగులు పడడం, నడుం నొప్పి, గల్లీ గల్లీకి ట్రాఫిక్కు. విసిగిపోయాడు. నాగ్‌పూర్‌లో ఉన్న దోస్తు కళ్యాణ్, ఒక ఫ్యాక్టరీ వాళ్ళకు స్టాఫ్‌ను తెచ్చి దించే కార్లు కావాలని, బండి తీసుకుని వచ్చెయ్యమని చెప్పాడు. మాసయ్య సరేనన్నాడు. పెళ్ళి వద్దనుకుని నలభై దాటినవాడికి అక్క తప్ప అడ్డం చెప్పేవాళ్ళు లేరు. ఆ అక్క అడ్డం చెప్పదు.

చెప్పదంటే, చెప్పలేకే. వాళ్ళ అమ్మ ఈదమ్మ పాలమూరు నుంచి భివండికి మట్టిపనికి లారీ ఎక్కిన పొద్దున, చిన్న అనసూయ అమ్మ కొంగు పట్టుకుని పోవద్దని ఏడ్చింది. బయలుదేరేవాళ్ళకు అడ్డం మాట అంటావా అని నాయనమ్మ చెంప మీద కొట్టింది. ఈదమ్మ పోయింది. అక్కడే జ్వరంతో చచ్చిపోయిందన్న కబురు మాత్రం వచ్చింది. నీ నోటి మాటే తగిలిందని నాయనమ్మ బతికినన్నాళ్ళు అంటూనే ఉంది. చంకలో ఉన్న తమ్ముణ్ణి పెంచుతూ అనసూయ ఆ మాట మోసింది. ఆ తర్వాత బస్సెక్కేవాళ్ళను గానీ, రైలెక్కేవాళ్ళను గానీ, కాటికి పోయిన మొగుణ్ణి గానీ ఆమె పోవద్దని అడగలేదు. ఎక్కడికని కూడా అడగదు. పోయిరా అంటుంది. అని, లోపలికి వచ్చి తలుపు చాటున నిలబడుతుంది.

కారు అప్పటికి వారం నుంచి టకటకమంటోంది. పొద్దున స్టార్ట్ చేస్తే కుట్టుమిషను తొక్కినట్టు చప్పుడు. నాగ్‌పూర్ దాకా పోవాల్సిన బండి. మాసయ్య దాన్ని నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క గల్లీలో ఉన్న విశ్వేశ్వరరావు షెడ్డుకు తీసుకుపోయాడు. తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన ముసలి మెకానిక్కు. మాసయ్య ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి బండి మీద పడనివ్వడు. హాస్టల్‌కు చుట్టుదారైనా అనసూయమ్మ కూడా వెంట వెళ్ళింది. ఎల్లుండి పోయేవాణ్ణి ఎంతసేపు చూస్తే అంతసేపు.

రావు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత పైమూత విప్పి, క్యామ్ షాఫ్టు అనే పొడుగాటి ఇరుసు తీసి, దాని కింద వరసగా కూర్చున్న చిన్న ఉక్కు గిన్నెల్లాంటివి ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఇవి ట్యాపెట్లు అన్నాడు, అనసూయమ్మ వంగి చూస్తుంటే. క్యామ్ తిరిగినప్పుడల్లా దాని మీది గుడ్డులాంటి ఎత్తు ఈ గిన్నెను నొక్కుతుందట, గిన్నె వాల్వును నొక్కుతుందట. మధ్యలో సందు ఉండకూడదని గిన్నె కడుపులోకి ఆయిల్ వచ్చి నిండుతుందట. ఒకదాని లోపలి ముక్కను బొటనవేలితో నొక్కితే రాయిలా నిలబడింది. ఇంకోదాన్ని నొక్కితే మెత్తగా దిగిపోయింది. ఇదే మోగేదన్నాడు. ఆయిల్ ఎప్పుడు మార్చావని అడిగితే మాసయ్య మెట్రో స్తంభం వైపు చూశాడు.

ఎవరో దోస్తు చెప్పాడని, ఆయిల్‌తో పనిలేని గట్టి ట్యాపెట్లు ఎయ్యరాదా అని మాసయ్య అడిగాడు. రావు తల అడ్డంగా ఊపాడు. ఈ క్యామ్ వాటికోసం చెక్కింది కాదు, వాటికి సందు కొలిచి మాటిమాటికీ సరిచేసుకోవాలి, ఇంజిన్‌కు పుట్టుకతో ఏ రకం వస్తే ఆ రకమే వెయ్యాలని చెప్పాడు. కడిగి చూస్తే ఒకటి రెండు బాగుపడొచ్చు, నమ్మకం లేదు. మంచిది కొత్త సెట్టు. రాణిగంజ్ నుంచి తెప్పించి, రాత్రంతా ఆయిల్లో నానబెట్టి రేపు బిగిస్తాడు. లేదూ అంటే షెడ్డు వెనక ఇదే బండిది విప్పేసిన ఇంజిన్ ఒకటుంది. దాని ట్యాపెట్లు వేస్తే ఇవాళే అయిపోతుంది.

"కానీ అది నేను చెప్పను మాసయ్యా. ఇవి వాడిన చెప్పుల్లాంటివి. ఒక క్యామ్‌తో అరిగినవి ఆ క్యామ్‌కే సరిపోతాయి. ఇంకో క్యామ్ కింద పెడితే దాన్ని కొరుకుతాయి. మొదట్లో చప్పుడుండదు. మహా అయితే మూడు నెలలు. అప్పుడు మళ్ళీ మోగుతాయి, నువ్వు మళ్ళీ నా దగ్గరికే రావాలి."

మాసయ్య నవ్వి, నాగ్‌పూర్ నుంచి నీ మొహం చూడనీకి రావాల్నా అన్న, అన్నాడు. సాయంత్రంలోపు చెప్తానని లేచాడు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు పోయి, బండిని వేరే రాష్ట్రానికి తీసుకుపోయే కాగితాలు పట్టుకోవాలి.

అనసూయమ్మ హాస్టల్లో పప్పు తాలింపు పెట్టింది, మాడ్చింది. మళ్ళీ పెట్టింది. ఆమని అనే పిల్ల, నల్గొండ నుంచి వచ్చిన పిల్ల, వంటింట్లోకి వచ్చి మాడు వాసనకు ముక్కు మూసుకుని, అమ్మమ్మా నీకు కూడ ప్రిలిమ్స్ ఉన్నదా ఏంది అంది. అనసూయమ్మ నవ్వలేదు. మూడు నెలలు, మళ్ళీ రావాలి అన్న మాట ఆమె చెవిలో గుయ్యిమంటోంది. ఆయన హెచ్చరికగా చెప్పాడు. ఆమెకు అది ఒట్టు పెట్టినట్టు వినపడింది.

మధ్యాహ్నం మాసయ్య ఫోన్ చేశాడు. ఇంకా ఆర్టీఏ ఆఫీసు లైన్లోనే ఉన్నాడు. రావు చేతికి నూనె ఉన్నంతసేపు ఫోన్ ఎత్తడు, నువ్వు ఇంటికి పోయేటప్పుడు జర చెప్పి పో, కొత్త సెట్టే ఎయ్యమను అన్నాడు. ఆ ఖర్చు నాది, పోయేటోనికి అక్క పెట్టింది అనుకో అని ఆమె పొద్దున్నే అని ఉంది. అలాగేనంది.

సాయంత్రం నారాయణగూడ దాకా నడిచింది. షెడ్డు ముందు ఒక నిమిషం నిలబడింది. తిరిగి ఇంటికి పోదామనుకుంది. పోలేదు.

"రావు సారూ, మావోడు పాతవే ఎయ్యమన్నడు."

రావు చేతిలోని గుడ్డ పక్కన పెట్టి ఆమెను చూశాడు. "పొద్దున అంత చెప్పానే."

"ఎల్లుండి పోవాలెనాయె, పైసలు సరిపోతలెవ్వు. దసరాకు ఎట్లైన వస్తడు, అప్పుడు కొత్తవి ఏపిచ్చుకుంటడట."

"దసరాకు తప్పకుండా రావాలమ్మా. ఒక్క వారం అటైనా ఇటైనా, చప్పుడు మొదలైతే నడపకూడదు. చెప్తారా?"

"చెప్త సారు."

తమ్ముడి బండికి హాని అని ఆమె అనుకోలేదు. చప్పుడు చేస్తుంది, చేస్తే తీసుకొస్తాడు, తీసుకొస్తే రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, రావు కొత్తవి వేస్తాడు. ఎవరినీ ఆపకుండా, అడ్డం మాట నోట రాకుండా, తిరిగి వచ్చే దారి ఒకటి వెయ్యొచ్చని ఆమెకు మొదటిసారి తోచింది. దేవుడి ముందు దీపం పెట్టినంత నెమ్మదిగా ఇంటికి నడిచింది.

మర్నాడు రావే బండి నడుపుకుంటూ వచ్చి సందు మొదట్లో నిలిపి, తాళం చెవి ఆమె చేతికిచ్చి వెళ్ళాడు. మాసయ్య మంగలి షాపులో ఉన్నాడు. వచ్చి స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, సప్పుడే లేదు అక్కా, రావన్న చెయ్యి చెయ్యే అన్నాడు. ఆ మరునాడు పొద్దున సంచి వెనక సీట్లో పెట్టుకుని, పోయొస్త అన్నాడు. పోయిరా అంది. ఈసారి ఆమె తలుపు చాటున నిలబడలేదు. మెట్రో స్తంభాల దాకా నడిచి, బండి మలుపు తిరిగేదాకా చూసింది.

తర్వాతి రోజులు ఆమెకు ఎన్నడూ లేనంత తేలిగ్గా గడిచాయి. మాసయ్య రెండు మూడు రోజులకోసారి ఫోన్ చేసేవాడు. పని బాగానే ఉందట, పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒకటి. అన్నం దొరకదు, అన్నీ రొట్టెలేనట. అనసూయమ్మ అన్నీ విని, చివరికి బండి మంచిగున్నదా, సప్పుడేమన్న అయితున్నదా అని అడిగేది.

"నన్ను అడగవు, బండిని అడుగుతవు. అది నీ తమ్మునా, నేనా?"

బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చిన రోజుల్లో, మాటల మధ్యలో, పొద్దున పూట కొంచెం టకటకమంటున్నదన్నాడు. రా, రావు సారుకు సూపియ్యి అంది అనసూయమ్మ. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది.

మాసయ్య నవ్వాడు. దసరాకు స్టాఫ్‌కు సెలవు లేదట, బండి ఒక్క రోజు ఆగితే ఇంకొకరి బండి పెట్టుకుంటారట. పరేషాన్ గావొద్దు అన్నాడు. కొత్త ట్యాపెట్లు గదా, వాటికేం గాదు, ఆయిల్ తక్కువుంటది, పోపిస్త.

అప్పుడు చెప్పాల్సింది. అవి కొత్తవి కావురా, బండి ఆపు అనాల్సింది. నోటి దాకా వచ్చింది. ఎందుకట్ల చేసినవని అడుగుతాడు, ఏం చెప్పాలి? దసరాకు కాకపోతే ఆ తర్వాతైనా వస్తాడనుకుంది. చప్పుడు పెద్దదైతే వాడే వస్తాడనుకుంది. ఎవరికైనా సూపియ్యి అని మాత్రం అంది. ఇక్కడోల్ల చెయ్యి నాకు నమ్మకం లేదక్కా అన్నాడు మాసయ్య.

కొన్నాళ్ళకు బండి నాగ్‌పూర్ దగ్గర వార్ధా రోడ్డు మీద ఆగిపోయింది. లోపల ఫ్యాక్టరీ మనుషులున్నారు. మాసయ్య వాళ్ళను వేరే బండిలో ఎక్కించి, కారును తాడుతో లాగించుకుపోయి, అక్కడి మెకానిక్కు చేత విప్పించాడు. క్యామ్ మీది ఎత్తులు అరిగి చదునైపోయాయి. ఆ ఇనుప పొడి ఆయిల్లో కలిసి ఇంజిన్ అంతా తిరిగి, బేరింగులు పట్టేశాయి. ఈ పాత ట్యాపెట్లు ఎవరేశారని ఆ మెకానిక్కు అడిగాడు. మాసయ్య విశ్వేశ్వరరావుకు ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టాడు. రావు అంతా విని, నువ్వు వెయ్యమన్నావని మీ అక్కగారు చెబితేనే వేశానయ్యా అన్నాడు.

అనసూయమ్మ హాస్టల్లో బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. మాసయ్య అరవలేదు. అరిచి ఉంటే ఆమె ఏడ్చి ఉండేది.

"రావన్న చెప్పింది నిజమేనా అక్కా?"

"నిజమే."

"ఎందుకు?"

"మల్ల మోగితే వస్తవని."

వెనక ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పోవద్దురా అంటే పోకపోయెటోన్ని," అన్నాడు మాసయ్య. "ఒక్క మాట. ఎన్నడన్న అన్నవా? నువ్వు బట్టలు సర్దుతుంటే, నేను పోవుడే మంచిదేమో అక్కకు అనుకున్న."

ఆమె నాయనమ్మ కొట్టిన దెబ్బ గురించి చెప్పాలనుకుంది. అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంటికి రా తమ్మీ, బస్సుల రా, అంది. ఏం మొహం పెట్టుకొని రావాలె, బండి తోటి పోయినోన్ని, అన్నాడు. తిన్నావా అని అడిగింది. అప్పటికే పెట్టేశాడు.

కారును మాసయ్య అక్కడే తుక్కుకు అమ్మేశాడని కళ్యాణ్ చెప్పాడు. కొన్నాళ్ళు ఎవరిదో లారీ నడిపాడట, రాయ్‌పూర్ వైపు పోయాడట. అతని నంబరు ఇప్పుడు పనిచేయదు. అనసూయమ్మ ఇప్పుడు చుట్టైనా నారాయణగూడ మీదుగానే పనికి పోతుంది. రావు కనిపిస్తే తమ్ముడి కబురేమైనా ఉందా అని ఆయన అడుగుతాడు, లేదని ఆమె చెప్తుంది. ఇద్దరూ అక్కడికి ఆపేస్తారు.

మాసయ్య రెండు వేల ఇరవై మూడు జూలైలో చిక్కడపల్లి నుంచి వెళ్ళాడు. ఆ దసరాకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.